దాదా గారి భోషాణానికి న్యాయమైన వెల

ఇంటి పెద్దలు గతించిన తర్వాత వారు వాడిన సామానును ఏమి చేయాలన్న ప్రశ్న దాదాపు ప్రతి కుటుంబానికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. పొలం, ఇల్లు, బంగారం అనగానే వాటాలు గుర్తుకు వస్తాయి. మంచాలు, బీరువాలు, బల్లలు కూడా వారసత్వ ఆస్తేనన్న సంగతి మాత్రం చాలామందికి తట్టదు. ఇంట్లో మిగిలినవారే వాటిని ఉంచుకుంటారు. లేదా పాత సామాను కొనేవాడు వచ్చిన రోజున అన్నీ కలిపి ఒక్క బేరంగా ఇచ్చివేస్తారు. అబ్బా మరణానంతరం మా కుటుంబంలో ఈ విషయం నాలుగు నెలలపాటు చర్చకు వచ్చింది. ఆ నాలుగు నెలల్లో మేము గ్రహించినదాన్ని పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా దాదా రాజమండ్రిలో ఒక కలప అడితిలో గుమాస్తాగా పనిచేశారు. ఏజెన్సీ అడవుల నుంచి టేకు దుంగలను తెప్పలుగా కట్టి గోదావరి మీదుగా తెచ్చే రోజులవి. మంచి కలప ఏదో ఆయనకు చూపుతోనే తెలిసేది. ఒక భోషాణం, ఒక పందిరి మంచం, అద్దాల బీరువా, గుండ్రని బల్ల, పొడవాటి చేతులున్న రెండు వాలుకుర్చీలు ఆయన సమకూర్చుకున్నవే. అమ్మీ తమ్ముడి వద్దకు హైదరాబాదు వెళ్లిపోతుండగా, ఆ అపార్టుమెంటులో వీటికి చోటు లేదు. ఒక వ్యాపారి వచ్చి, చేత్తో తట్టి చూసి, “అంతా పాత కర్ర, మొత్తం కలిపి తొంభై వేలు ఇస్తాను, రేపే బండి పంపుతాను” అన్నాడు. తమ్ముడు ఇచ్చివేద్దామన్నాడు. జిద్దాలో ఉన్న భాయ్‌జాన్ మీ ఇష్టమన్నాడు.

అప్పుడు అమ్మీ ఒక ప్రశ్న వేసింది: “ఇవి అమ్మడానికి మనం ఎవరం? ఇవి మీ అబ్బావి కావు, మీ దాదావి. ఆయనకు కూతురు కూడా ఉంది కదా!”

ఆ కూతురు మా ఫుప్పీ. సామర్లకోటలో అద్దె ఇంట్లో ఒంటరిగా ఉంటున్న వితంతువు. దాదా గతించి నలభై ఏళ్లు దాటినా ఈ సామాను ఎన్నడూ పంపకానికి రాలేదు. అన్న చనిపోతే, ఆయనకు కుమారులుండగా చెల్లెలికి వారసత్వం రాదన్నది నిజమే. కానీ ఆమె ఇక్కడ అన్నకు వారసురాలు కాదు, తన తండ్రికి వారసురాలు. తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు విడిచి వెళ్లిన దానిలో పురుషులకూ స్త్రీలకూ వాటా ఉందని, అది కొద్దిదైనా గొప్పదైనా సరే నిర్ణీతమైనదేనని దివ్య ఖుర్ఆన్ అన్‌నిసా సూరా 7వ ఆయత్ బోధిస్తున్నది. కొద్దిదైనా అన్న ఆ నియమంలోకి ఒక కుర్చీ కూడా వస్తుంది.

ఫుప్పీకి కబురు చేస్తే, “నాకేమీ వద్దు బేటా, మీరే ఉంచుకోండి” అన్నది. మన ఇళ్లలో ఆడపిల్లలు చాలామంది ఈ మాటే అంటారు. వాటా అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందన్న భయం ఈ మాట వెనుక ఎంత ఉందో ఎవరికి తెలుసు? అందుకే ఆమె వద్దన్నదాన్ని మేము లెక్కలోకి తీసుకోలేదు. ఆమె వాటా సొమ్ము ముందు ఆమె చేతిలో పెట్టాలి, ఆ తర్వాత ఆమె ఇష్టం అని నిర్ణయించుకున్నాం. నేను నా ఇద్దరు సోదరులకు ఫోనులో ఈ మాట చెప్పినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరకు భాయ్‌జానే “అలాగే కానిద్దాం” అన్నాడు.

హక్కుదారులెవరో తేలిన తర్వాత వెల సంగతి మరింత బరువైన బాధ్యతగా కనిపించింది. తొంభై వేలకు ఇచ్చివేస్తే మా సొమ్మును మేము పోగొట్టుకోవడం మాత్రమే కాదు, ఎదురుగా లేని ఒక వితంతువు సొమ్మును కూడా పోగొట్టినవారమవుతాం.

పూర్వం అరేబియాలో సరుకుతో పట్టణానికి వస్తున్న బిడారులకు కొందరు వ్యాపారులు ఊరి బయటే ఎదురేగి, బజారు ధర వారికి తెలియక మునుపే చౌకగా కొనేవారు. మహాప్రవక్త ముహమ్మద్ (స) ఈ పద్ధతిని నిషేధించారు. అలా అమ్మినవాడు బజారుకు చేరాక ఆ బేరాన్ని రద్దు చేసుకోవచ్చని కూడా సహీహ్ ముస్లింలోని హదీసు తెలుపుతున్నది. వారసత్వ సామాను అమ్మే కుటుంబం కూడా అటువంటి బిడారు వంటిదే. తన దగ్గరున్నది ఏమిటో, బజారులో దాని ధర ఎంతో దానికి తెలియదు. కనుక మేము ముందు బజారు దాకా నడవాలని తలచాం.

నమ్మకమైన ఒక వృద్ధ వడ్రంగిని కూలి ఇచ్చి పిలిపించాం. ఆయన కొనుగోలుదారు కాడు గనుక ఆయన మాటలో స్వలాభం లేదు. సొరుగులు బయటకు లాగి అడుగుభాగాలు చూపించాడు. మేకులు లేకుండా, రెండు చేతుల వేళ్లు ఒకదానిలో ఒకటి ఇమిడినట్లు కూర్చిన అతుకులు. చేతి రంపం విడిచిన ఎగుడుదిగుడు గీతలు. గుండ్రని బల్లను టేపుతో రెండు వైపులా కొలిచి, అది పూర్తి గుండ్రం కాదని చూపించాడు. చెక్క ఏళ్ల తరబడి నారకు అడ్డంగా కుంచించుకుపోతుంది, నార వెంబడి దాదాపు కుంచించుకోదు. పాతదనానికి అదొక గుర్తు. మంచం కోళ్లు జిట్రేగి, మిగిలినది టేకు అని తేల్చాడు. మంచానికి ఒక కోడు చెదపట్టి మార్చినదని, భోషాణం అడుగు పలక కొత్తదని కూడా చెప్పాడు.

తమ్ముడు మంచి పాలిష్ వేయిద్దామన్నాడు. వడ్రంగి వారించాడు. పాత మెరుపు గీకివేస్తే తెలిసిన కొనుగోలుదారు ధర తగ్గిస్తాడన్నాడు. మా కారణం మరొకటి కూడా ఉంది. ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసి, లోపల తడి తగిలినప్పుడు, ఆ తడిని పైన కనిపించేలా ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) ఆ వర్తకుణ్ణి ప్రశ్నించిన సంఘటన మనకు తెలిసినదే. మారిన కోడును పాలిష్ కింద దాచడం ఆ తడిని దాచడమే. అందుచేత రెండు లోపాలనూ కాగితం మీద రాసి, ఫొటోలతో పాటు చూపించాం. భోషాణం నూరేళ్లు దాటినదని మా ఇంట్లో చెప్పుకొంటారు గానీ ఆధారం లేదు. ఆ మాటనూ అలాగే చెప్పాం. తమ్ముడి స్నేహితుడొకరు కొనుగోలుదారుగా నటించి ధర పెంచుతానన్నారు. కొనే ఉద్దేశం లేకుండా వెల పెంచడాన్ని నజష్ అంటారు, అది నిషిద్ధం. అమ్మీ ఆ ప్రస్తావనను అక్కడే ఆపివేసింది.

చట్టం సంగతులు కూడా తెలుసుకున్నాం. నూరేళ్లు నిండిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం 1972 నాటి చట్టం ప్రకారం నేరం. కనుక భాయ్‌జాన్ పరిచయస్తులకు జిద్దా పంపే ఆలోచన మానుకున్నాం. దాదీది ఒక చిన్న పెట్టె ఉంది, విశాఖపట్నం పనితనం, మూత మీద దంతపు పలకలు. ఆ నగరం ఒకప్పుడు దంతం పొదిగిన సామానుకు పేరుపొందినది. కానీ మన దేశంలో ఏనుగు దంతం అమ్మకం నిషిద్ధం. ఎంత పాతదైనా అది బజారు వస్తువు కాదు గనుక, అందరి సమ్మతితో అమ్మీ వద్దే ఉంచాం.

తర్వాత ముగ్గురు వ్యాపారులను విడివిడిగా పిలిచి, ప్రతి వస్తువుకూ వేరుగా ధర చెప్పమన్నాం. మొత్తంగా బేరమాడితే మంచి వస్తువు వెల సాధారణ వస్తువుల మధ్య మునిగిపోతుంది. దుకాణంలో చీటీ మీద ఉన్న ధర మనకు రావాలని కోరడమూ న్యాయం కాదు. బండి కిరాయి, మరమ్మతు, దుకాణం అద్దె, నెలల తరబడి అమ్ముడు పోకుండా ఉండే డబ్బు వ్యాపారి భరించేవే. చివరకు మంచం 85 వేలకు, భోషాణం 70 వేలకు, బీరువా 40 వేలకు, బల్ల 15 వేలకు పోయాయి. వాలుకుర్చీలకు ఒకరు 22 వేలు, మరొకరు 30 వేలు చెప్పారు. వాటిని తమ్ముడు ఉంచుకోదలచాడు. ఇంటివాడు కదా అని తక్కువ ధర వేయలేదు, 30 వేలే వేశాం. హజ్రత్ జరీర్ (రజి) 300 దిర్హములకు కుదిరిన గుర్రానికి దాని విలువ ఎక్కువని తానే 800 ఇచ్చారన్న ఉల్లేఖనాన్ని తమ్ముడే గుర్తుచేశాడు.

మొత్తం 2,40,000 రూపాయలు. దాదా ఆస్తిలో కుమారుడికి రెండు వంతులు, కుమార్తెకు ఒక వంతు. దాదాకు ముందే ఆయన తల్లిదండ్రులు గతించారు. దాదీ వాటా కూడా ఆమె తదనంతరం ఆ ఇద్దరికే చేరింది. కనుక ఫుప్పీకి 80,000. అబ్బా వంతు 1,60,000లో అమ్మీకి ఎనిమిదవ వంతు 20,000. మిగిలిన 1,40,000లో సోదరులిద్దరికీ చెరి 56,000, నాకు 28,000. తమ్ముడి వాటాలో కుర్చీల వెల మినహాయించాం. అబ్బా అప్పులు అంతకు ముందే తీర్చివేశాం. వసీయత్ ఏదీ లేదు. ఈ లెక్కను ఒక ఆలిమ్‌కు చూపించి సరిచూసుకున్నాం. ప్రతి కుటుంబం లెక్క వేరుగా ఉంటుంది గనుక పాఠకులూ అలాగే చేయాలి.

ఫుప్పీ ఆ సొమ్మును ఒక రాత్రంతా తలగడ కింద ఉంచుకుని, మరునాడు బ్యాంకులో వేసిందట. తిరిగి ఇవ్వలేదు. ఇవ్వవలసిన అవసరమూ లేదు. “మా అబ్బా నాకు పంపినట్లుంది” అని మాత్రం అమ్మీతో అన్నది.

ఈ అనుభవంతో నాకు తెలిసినది ఒక్కటే. వెల న్యాయమైనదని చెప్పాలంటే, ఆ బేరంలో హక్కున్న ఏ ఒక్కరూ చీకటిలో ఉండకూడదు. అమ్మేవారికి బజారు ధర తెలియాలి, కొనేవారికి వస్తువు లోపం తెలియాలి, వాటాదారులకు వచ్చిన సొమ్ము ఎంతో తెలియాలి. మీ ఇంట్లో పెద్దల నాటి సామాను ఏదైనా ఉంటే, దాన్ని కొనేవాడి కోసం వెతకడానికి ముందు అది ఎవరెవరిదో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ జాబితాలో ఒక చెల్లెలి పేరో, మేనత్త పేరో ఇన్నేళ్లుగా రాయకుండా మిగిలిపోయి ఉండవచ్చు.