పొలం కౌలుకిచ్చి ఎందుకొచ్చానంటే

ఎనిమిది నెలలుగా పొలం ఫొటోలు పెట్టట్లేదేంటని చాలామంది అడిగారు. "అమెరికాలో కూర్చుని రైతు కబుర్లేంటి" అని ఒకాయన ఎద్దేవా కూడా చేశాడు. నిజమే, ఇప్పుడు డల్లాస్ దగ్గర మా అబ్బాయి ఇంట్లో ఉన్నాం. సంగతి చెప్తా.

మా ఆవిడకి నాలుగేళ్లుగా మతిమరుపు జబ్బు. గుంటూరులో నరాల డాక్టరు ఆల్జీమర్స్ అన్నాడు, మందులతో కొన్నాళ్లు నెట్టుకురావాలే గానీ నయం కాదన్నాడు. పొయ్యి మీద పాలు మాడినంత వరకు నేనే చూసుకున్నా. ముందటేడు కోతలప్పుడు నేను చేలో మిషన్ దగ్గరుంటే, చెప్పుల్లేకుండా కాల్వ గట్టెంట నడిచిపోయింది. రేవులో దిగబోతుంటే గేదెలు తోలుకొచ్చే కుర్రాడు చూశాడు గనక సరిపోయింది. ఆ రాత్రే అబ్బాయికి ఫోన్ చేశా.

విజిటర్ వీసా మీద వస్తే మామూలుగా ఆర్నెల్లే. ఆ ఇన్సూరెన్సులు పాత జబ్బులకి చాలావరకు పనికిరావు. అబ్బాయి ఇక్కడి పౌరుడు కాబట్టి గ్రీన్‌కార్డుకి పెట్టాడు. అది వచ్చాక ఏడాది దాటి ఇండియాలో ఉండిపోతే కార్డుకే ఎసరు. 65 దాటిన మాలాంటి వాళ్లకి మెడికేర్ అనే సర్కారు బీమా కావాలంటే ఐదేళ్లు వరసగా ఇక్కడుండాలి. సంక్రాంతికి వచ్చిపోయే వ్యవహారం కాదు. తెలిసే వచ్చా.

నాలుగెకరాలు చిన్నాన్న కొడుక్కి కౌలుకిచ్చా. సిసిఆర్‌సి కార్డుకి సంతకం పెడుతుంటే "పొలం పోద్దిరా" అని ఊళ్లో బెదిరించారు. అది 11 నెలల కార్డు, పంట మీదే గానీ భూమి మీద హక్కు రాదు. నేను సంతకం పెట్టకపోతే వాడికి పంట రుణం ఎవరిస్తారు? గేదెల్ని మాత్రం అమ్మేశా.

తీసుకొచ్చి మంచిపని చేశానా అంటే, మొదటి రెండు నెలలు కాదనే అనుకున్నా. మన ఇంట్లో చీకట్లో కూడా పెరట్లోకి తడుముకోకుండా వెళ్లేది, ఇక్కడ బాత్రూం ఎటో తెలియదు. పొద్దుగూకేసరికి "ఇంటికి పోదాం, గేదెలకి కుడితి పెట్టాలి" అని తలుపు దగ్గర నిలబడుద్ది. అమ్మేశామని ఒకసారి నిజం చెప్పా. రాత్రంతా ఏడ్చింది. తెల్లారేసరికి ఏడ్చిన సంగతి మర్చిపోయి మళ్లీ అడిగింది. ఇంక చెప్పలేదు. ఇప్పుడు "పద" అని చెప్పులు తొడిగి వీధి చుట్టూ తిప్పి తీసుకొస్తా. గుమ్మం చూసి "వచ్చేశాం" అంటది. చలికాలంలో ఇది ఐదున్నరకి ఉండేది. ఇప్పుడు ఇక్కడ ఎనిమిదిన్నరకి గాని పొద్దుగూకదు, ఆమె కంగారూ అప్పుడే.

పగలు చేట ఇస్తా. ఇక్కడి బియ్యంలో రాళ్లుండవు, అందుకని పెసలు, మినుములు నేనే కలిపి పెడతా. రెండు గంటలు కూర్చుని ఏరుద్ది. చేతులు మాత్రం ఏదీ మర్చిపోలేదు. ఆమె పడుకున్నాక మళ్లీ కలిపేస్తా, మర్నాటికి. మొన్న చేటలోంచి తలెత్తి "పెద్దాయనా, మా ఆయన చేనికెళ్లాడు, వచ్చేదాకా కాస్త ఉంటారా?" అనడిగింది.

ఉంటానమ్మా అన్నా.

తమ్ముడు రెండ్రోజులుగా ఫోన్ ఎత్తట్లేదు, నారుమళ్ల హడావుడిలో ఉన్నట్టున్నాడు. తెనాలి వైపు కాల్వలకి నీళ్లొదిలారో లేదో తెలిసినవాళ్లు కింద రాయండి.