కోఠికి తిరిగి రానివాళ్లు

సాయంత్రం ఏడు దాటితే హైదరాబాద్ కోఠిలోని గోకుల్ చాట్ ముందు కాలు పెట్టే సందుండదు. నేను వెళ్లిన రోజూ అంతే. "భయ్యా, కారం జర తక్కువెయ్యి" అంటూ కాలేజీ పిల్లలు చేతులు చాస్తున్నారు. సుల్తాన్ బజార్‌లో బట్టలు కొన్న ఆడవాళ్లు సంచులు కాళ్ల దగ్గర పెట్టుకుని కచోరీలు తింటున్నారు.

2007 ఆగస్టు 25, శనివారం. ఇలాంటి వేళలోనే మొదట లుంబినీ పార్కులో, కొద్ది నిమిషాలకు ఇక్కడా బాంబులు పేలాయి. మొత్తం 42 మంది చనిపోయారు. వాళ్లలో మహారాష్ట్ర నుంచి టూర్‌కొచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులూ ఉన్నారు. తర్వాత షాపు తెరిచారు, జనం వచ్చారు. నగరం భయపడలేదని గర్వంగా చెప్పుకున్నాం.

అది సగం లెక్కే. వచ్చినవాళ్లే కనబడతారు, రావడం మానేసినవాళ్లు కనబడరు. దీపావళి టపాసుకు ఉలిక్కిపడేవాళ్లు, బస్సులో ఎవరిదో సంచి చూసి ముందు స్టాపులోనే దిగిపోయేవాళ్లు ఈ రద్దీలో ఎక్కడ లెక్కకొస్తారు? 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దగ్గర మళ్లీ పేలుళ్లు జరిగినప్పుడు, పాత గాయం మానని వాళ్లకు ఆ వార్త ఎలా తగిలి ఉంటుంది!

నిద్ర పట్టకపోవడం, గుండె దడ, ఆ దృశ్యమే కళ్లముందు తిరగడం... ఇవి పిరికితనం కాదు. చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా వదలకపోతే డాక్టరును కలవాలి.

దూరాన ఉన్నవాళ్లకూ దెబ్బ తగులుతుంది. 2013లోనే బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాక అమెరికా పరిశోధకులు ఆరా తీస్తే, రోజుకు ఆరు గంటలో అంతకు మించో ఆ వార్తల్లోనే మునిగినవాళ్లు, ఘటనా స్థలంలో ఉన్నవాళ్లకన్నా ఎక్కువ ఒత్తిడి చెప్పారు. ఇంట్లో పిల్లలుంటే ముందు టీవీ ఆపాలనేది నా గట్టి అభిప్రాయం.

మన ఇళ్లలో మాత్రం "ఏం కాలేదుగా, మర్చిపో" అంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మానసిక ప్రథమ చికిత్స పద్ధతి వేరు: అవసరం చూడు, చెబితే విను, సాయం దొరికే చోటికి చేర్చు. నోరు విప్పమని బలవంతపెట్టకూడదు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. భయపడ్డ చోటికి తిరిగి వెళ్లడమూ చికిత్సలో భాగమే, కానీ మెల్లగా: నిపుణుల సలహాతో, నమ్మకమైన మనిషి తోడుగా, ఓ రోజు వీధి మొదటిదాకా, ఇంకో రోజు షాపు ఎదుటిదాకా.