సవర అక్షరాలు, తండా ప్రార్థన

పసుపు ఉడకబెట్టే రోజులు గనుక మీరంతా ఒళ్లు నొప్పులతోనే కూటానికి వస్తున్నారని మాకు తెలుసు. చిన్న సంగతే వ్రాస్తున్నాం.

మొన్న ఆరాధనలో తండా నుంచి వచ్చే యాడి గోర్‌బోలిలో ప్రార్థించారు. "మాకు అర్థం కాలేదు, తెలుగులోనే చేయించండి" అని కొందరు అడిగారు. అడగడం న్యాయమే. అయితే ఈ మాట వినండి.

ఆర్మేనియావారు 4వ శతాబ్దం మొదట్లోనే క్రైస్తవులయ్యారు. కాని దాదాపు నూరేళ్లు వారి గుళ్లలో వాక్యం గ్రీకులోనో సిరియాకులోనో చదివేవారు. పక్కన ఒకరు నిలబడి అర్థం చెప్పాలి. 405 ప్రాంతంలో మెస్రోప్ మష్తోత్స్ అనే సన్యాసి 36 అక్షరాలు కూర్చాడు. బైబిలు వారి భాషలోకి వచ్చింది.

మన దగ్గరి సంగతి ఇంకా విచిత్రం. శ్రీకాకుళం వైపు కొండల్లో సవరలున్నారు. ఒకప్పుడు వారి భాషకు లిపి లేదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు ఆ భాష నేర్చుకొని, వారికి బడులు పెట్టి, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు ఇచ్చారు. మిషనరీలు రోమను అక్షరాల్లో వ్రాశారు. ఇవన్నీ బయటివారి అక్షరాలే గదా! 1936లో ఒడిశా కొండల్లో మంగేయి గొమాంగో అనే సవర పెద్ద, తనకు దర్శనంలో దొరికాయంటూ 24 అక్షరాలు చూపించాడు. ఒక్కో అక్షరానికి ఒక్కో దేవత పేరు. వాటిని గుడిలో పెట్టి ఇప్పటికీ పూజించేవారున్నారు.

మనం అక్షరానికి మొక్కం. అది మన విశ్వాసం కాదు. అయినా ఆ మనిషి ఆరాటాన్ని మేము తేలిగ్గా తీసుకోలేం. తన నోటి మాట దేవుని ఎదుట చెల్లుతుందా అన్నదే అక్కడి ప్రశ్న. మన యాడి ప్రశ్న కూడా అదే. తెలుగులో ఆమె ప్రార్థన రెండు మాటలకే ఆమేన్ దాకా వస్తుంది. మనుమడికి జ్వరం ముదిరిన రాత్రి మేము వెళ్లినప్పుడు గోర్‌బోలిలో అరగంట మోకాళ్లమీదే ఉన్నారు. మాకు సగం కూడా తెలియలేదు, కన్నీళ్లు ఆగలేదు.

గనుక ఆదివారం ఆమె తన భాషలోనే ప్రార్థిస్తారు, తర్వాత మనుమడు తెలుగులో చెబుతాడు. తండా యువకులు ఆ ప్రార్థనలను తెలుగు లిపిలో నోటుపుస్తకంలోకి ఎక్కిస్తున్నారు. ఏ పలుకు ఎలా వ్రాయాలో వాళ్లలో వాళ్లకే పేచీ. పైకి చదివి, యాడి తల ఊపేదాకా దిద్దుతున్నారు.