ఆగస్టు ఒకటి, కొబ్బరి కొట్టులో

ముందే చెప్పేస్తున్నా, నేను చదివిందంతా ఇంగ్లీష్ మీడియం. ఈ క్లబ్బులో చేరింది కూడా మొదట్లో సమోసాల కోసమే. ఎక్కడ 'ల' రాయాలో, ఎక్కడ 'ళ' రాయాలో ఇప్పటికీ మా అమ్మకి ఫోన్ చేసి అడుగుతా. ఎడిటర్ అక్క "నీకు బాగా గుర్తున్న ఒక్క రోజు గురించి రాయి, చాలు" అంది. నాకు బాగా గుర్తున్న రోజు 2024 ఆగస్టు 1, గురువారం. ప్యారిస్ ఒలింపిక్స్ జరుగుతున్నాయి. ఇంటర్ అయిపోయింది, కాలేజీకి వెళ్లడానికి ఇంకా వారం ఉంది. గోదావరి వరద అప్పుడప్పుడే తగ్గుతోంది. లంక తోటల్లో నీళ్లు ఇంకా పూర్తిగా తియ్యలేదు.

మాది రాజోలు దగ్గర ఊరు. ఆ ముందు రోజు రాత్రి నా ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. "రేపు మ్యాచ్. కొట్టుకి రా." రెండేళ్ల తర్వాత వాడి దగ్గర నుంచి వచ్చిన మొదటి మెసేజ్ అది.

వాడంటే మా పార్ట్‌నర్. పేరు రాయద్దన్నాడు. మేం ఎలాగూ పేర్లతో పిలుచుకోం. ఏడో తరగతి నుంచీ నాకు వాడు పార్ట్‌నరు, వాడికి నేను పార్ట్‌నరు. స్కూలు వెనకాల సిమెంటు గచ్చు మీద సున్నంతో గీతలు గీసుకుని, రెండు కొబ్బరి చెట్లకి నెట్ కట్టుకుని ఆడేవాళ్లం. సాయంత్రం అయితే కాలవ మీంచి గాలి కొట్టేది. ఈకల షటిల్ ఆ గాలికి ఆగదు, అందుకే ప్లాస్టిక్‌దే. మూడు రోజులకో షటిల్ మట్టల్లో ఇరుక్కుపోయేది. వాడు వెనకాల, నేను నెట్ దగ్గర. ఇద్దరి మధ్యలో పడే షటిల్ మాత్రం ఎప్పుడూ మాకు సమస్యే. వాడు నాదనుకుంటాడు, నేను వాడిదనుకుంటాను, అది కింద పడుతుంది. సెకండియర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ సార్ డెడ్‌లాక్ చెప్తుంటే నాకు ఆ గచ్చే కనిపించింది.

మాకు బ్యాడ్మింటన్ పిచ్చి ఎందుకో కోనసీమ వాళ్లకి చెప్పక్కర్లేదు. రాంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్‌ది అమలాపురం. తండ్రి కాశీ విశ్వనాథం గారు వ్యాయామ ఉపాధ్యాయుడు. రైలు కూడా లేని ఊరి నుంచి 2014లో గోపీచంద్ అకాడమీకి వెళ్లిన కుర్రాడు, ముంబై అబ్బాయి చిరాగ్ శెట్టితో కలిసి ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. 2023లో జపాన్‌లో అతను కొట్టిన స్మాష్‌ని కొలిస్తే గంటకి 565 కిలోమీటర్లు. అంతకుముందు పదేళ్లుగా ఉన్న రికార్డు 493. ఈ అంకె మా పార్ట్‌నర్ కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్తాడు, అడగకపోయినా.

2022 మే 15 ఆదివారం థామస్ కప్ ఫైనల్ మేమిద్దరం మా ఇంట్లో చూశాం. టెన్త్ పరీక్షలు అప్పుడే అయ్యాయి. 73 ఏళ్ల చరిత్ర ఉన్న ఆ కప్పులో మనవాళ్లు ఫైనల్‌కి రావడమే అదే మొదటిసారి. ఎదురుగా ఇండోనేషియా. సాత్విక్, చిరాగ్ మొదటి గేమ్ 18-21తో పోగొట్టుకుని, రెండో గేమ్‌లో మ్యాచ్ పాయింట్లు కాచుకుని 23-21తో నిలబడి, మూడోది 21-19తో లాగేశారు. ఆ తర్వాత మన శ్రీకాంత్ గెలిచాడు, 3-0. మా అమ్మ పనసతొనలు తెచ్చి పెడితే తినడం కూడా మర్చిపోయాం. ఆ రోజే ఇద్దరం ఒక ఓపెన్ టోర్నమెంటుకి డబుల్స్‌లో పేర్లు ఇచ్చాం. ఎంట్రీ ఫీజు వాడే కట్టాడు.

తొమ్మిది రోజుల తర్వాత, మే 24న, అమలాపురం మళ్లీ దేశమంతా వార్తల్లోకి వచ్చింది. జిల్లాకి అంబేడ్కర్ గారి పేరు పెట్టడం మీద గొడవలయ్యాయి. ఇళ్లు, బస్సులు తగలబెట్టారు. జిల్లాలో నెట్ ఆపేశారు. టోర్నమెంటు వాయిదా పడింది. మా పార్ట్‌నర్ వాళ్లది పేట. ఆ రోజుల్లో వాళ్లింట్లో చీకటి పడితే తలుపులేసుకునేవారట, తర్వాత తెలిసింది. మా ఇంట్లో నాతో "కొన్నాళ్లు ఆ వైపు వెళ్లకురా" అన్నారు. ఎందుకని నేను అడగలేదు. తెలియక కాదు.

జూన్‌లో నెట్ వచ్చింది, టోర్నమెంటుకి కొత్త తేదీ వచ్చింది. వాడు మెసేజ్ పెట్టాడు, టైమూ, బస్సూ అన్నీ రాసి. చూశాను. రిప్లై ఇవ్వలేదు. రెండు రోజుల తర్వాత నాన్న నన్ను విజయవాడ హాస్టల్లో దింపారు. తర్వాత ఎవరైనా అడిగితే "అప్పటికే హాస్టల్‌కి వెళ్లిపోయాను" అని చెప్పేవాణ్ణి. ఆ రెండు రోజులూ నేను ఇంట్లోనే ఉన్నాను.

సరే, ఆగస్టు ఒకటి. వాళ్ల బాబాయి కొబ్బరి కొట్టులో వాడు లెక్కలు రాస్తున్నాడు. నేను వెళ్లేసరికి ఒలుపు జరుగుతోంది. నేలలో పాతిన గునపానికి కాయ గుచ్చి, మూడు తిప్పుల్లో డొక్క ఊడదీసి రాశి మీదకి విసురుతున్నారు. వాడు నన్ను చూసి "వచ్చావా" అన్నాడు, నిన్ననే కలిసినట్టు. ఫోన్‌ని కొబ్బరికాయల రాశికి ఆనించి పెట్టాడు. జియో సినిమాలో ఒలింపిక్స్ ఫ్రీ కదా.

మధ్యాహ్నం మొదటి వార్త మంచిదే. స్వప్నిల్ కుశాలే షూటింగ్‌లో కాంస్యం, 451.4 పాయింట్లు. మాకు అతనెవరో ఆ రోజు దాకా తెలీదు, అయినా చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత నిఖత్ జరీన్. నిజామాబాద్ అమ్మాయి, రెండుసార్లు ప్రపంచ చాంపియన్. కానీ సీడింగ్ లేకపోవడంతో రెండో బౌటులోనే చైనా టాప్ సీడ్ వూ యూ ఎదురైంది. 0-5. ఐదుగురు జడ్జీలూ అటే. ఆ వూ యూనే చివరికి స్వర్ణం గెలిచింది. ఏడుస్తూ మాట్లాడుతున్న నిఖత్‌ని చూసి ఒలుపు తాత ఒకాయన పని ఆపి, "ఆ పిల్లకి ఎవరన్నా మంచినీళ్లియ్యండ్రా" అన్నాడు.

నాలుగున్నర దాటాక మనోళ్ల మ్యాచ్. క్వార్టర్ ఫైనల్. ఎదురుగా మలేషియా జోడీ ఆరోన్ చియా, సో వూయి యిక్. వీళ్ల గురించి కొంచెం చెప్పాలి. టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం వాళ్లదే, 2022 ప్రపంచ చాంపియన్లు వాళ్లే. మనవాళ్లు వాళ్లతో ఆడిన మొదటి ఎనిమిది మ్యాచులూ ఓడిపోయారు. ఎనిమిది! 2023 ఇండోనేషియా ఓపెన్ ఫైనల్లో మొదటిసారి గెలిచి, అక్కడి నుంచి వరసగా మూడు గెలిచారు. అంటే మొత్తం లెక్కలో వాళ్లే ముందు, కానీ ఈ మధ్య లెక్క మనది. ఏ లెక్క నిజమో కోర్టులో తేలాలి. టోక్యోలో కూడా సాత్విక్ వాళ్లు గ్రూపులో మూడింటికి రెండు గెలిచి, ఆ తర్వాత స్వర్ణం కొట్టిన తైవాన్ జోడీని కూడా ఓడించి, అయినా క్వార్టర్స్‌కి వెళ్లలేకపోయారు. అందుకే ఈసారి పతకం ఖాయమని జిల్లా జిల్లా అంతా అనుకుంది.

"ఏరా, మనోడేనా ఆడేది?" అన్నాడు తాత.

"ఆయ్, మన అమలాపురమే తాతా. ఆ పొడుగాయన. స్మాష్ కొడితే 565..."

"నిన్న చెప్పావులేరా."

మొదటి గేమ్ 21-13. చిరాగ్ నెట్ దగ్గర ఏదీ పైకి లేవనివ్వట్లేదు, లేచిన దాన్ని సాత్విక్ వెనక నుంచి దించేస్తున్నాడు. అక్కడ నేను, ఇక్కడ వాడు అని ఒకప్పుడు ఇలాగే చూసేవాళ్లం. వాడు పాత అలవాటు కొద్దీ నా వీపు మీద ఒక్కటిచ్చాడు. చెయ్యి పడ్డాక ఇద్దరికీ గుర్తొచ్చింది.

రెండో గేమ్ మధ్యలో ఫోన్ ఆగిపోయింది. స్క్రీన్ మీద ఆ గుండ్రం తిరుగుతోంది. సో వూయి యిక్ రాకెట్ ఎత్తి అలాగే నిలబడిపోయాడు. కొట్టులో గునపం చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు వాడు ఫోన్ వైపే చూస్తూ అన్నాడు:

"ఆ రోజు మన పేర్లు మూడుసార్లు పిలిచారు పార్ట్‌నరూ. మైకులో. రెండోసారి పిలిచినప్పుడు బస్సు లేటేమో సార్, వస్తాడండీ అని చెప్పాను."

నేను ఏమీ అనలేదు.

"మూడోసారి అయ్యాక వాకోవర్ ఇచ్చేశారు. ఒక్కడే డబుల్స్ ఆడకూడదంట. తెలుసనుకో."

వీడియో మళ్లీ వచ్చేసరికి మనవాళ్లు వెనకబడి ఉన్నారు. 14-21. మలేషియా వాళ్లు మారిపోయారు. మొదటి గేమ్‌లో గాలిలోకి లేపిన షటిళ్లు ఇప్పుడు నెట్ మీంచి రాసుకుంటూ బల్లపరుపుగా వస్తున్నాయి. సాత్విక్ ఎంత గట్టిగా కొట్టినా తిరిగొస్తోంది. 565 అనేది షటిల్ రాకెట్ వదిలే క్షణంలో వేగం. అవతలి నెట్ దాటేసరికి దానికి ఈకలే బ్రేకులు. ఆ బ్రేకు తర్వాత ఎవడు ప్రశాంతంగా ఉన్నాడన్నదే డబుల్స్. ఇది నా సొంత థియరీ, కోచ్‌లు ఒప్పుకోకపోవచ్చు.

మూడో గేమ్‌లో మా ఇద్దరికీ మాటల్లేవు. ఒలుపు వాళ్లు నలుగురూ గునపాలొదిలేసి మా వెనక నిలబడ్డారు. దగ్గర దగ్గరగా వెళ్లి, వెళ్లి, చివర్లో జారిపోయింది. 16-21. అయిపోయింది. తాత "ఓస్, ఇంతేనా, రేపు లేదా మళ్లీ?" అన్నాడు. రేపు లేదని మా పార్ట్‌నర్ చెప్పాల్సొచ్చింది. నాలుగేళ్ల తర్వాతే అంటే ఆయన నమ్మలేదు.

హాస్టల్లో నా రూమ్మేట్ ఒకడు సుమో చూస్తాడు. నిజంగా, జపాన్ సుమో. వాడి వల్ల నాకు తెలిసిందేమిటంటే ఆ పోటీలు పదిహేను రోజులు, పైస్థాయి మల్లుడికి రోజుకో కుస్తీ. ఈరోజు ఓడిపోయినవాడు రేపు మళ్లీ వచ్చి ఉప్పు చల్లి అదే బరిలో నిలబడతాడు. పదిహేనులో ఎనిమిది గెలిస్తే ఆ టోర్నమెంటు గెలుపు కిందే లెక్క, ఏడు ఓడినా పర్లేదు. తాత అడిగింది అలాంటి ఆట అన్నమాట. ఏడాదికి ఆరు టోర్నమెంట్లు ఉంటాయని చెప్తే ఇంకా సంతోషించేవాడు.

ఆ తర్వాత లక్ష్య సేన్, ప్రణయ్ ఒకరితో ఒకరు ఆడారు. లక్ష్య సులువుగా గెలిచాడు. మాకు ఎవరి వైపు ఉండాలో తెలీక ఎవరి వైపూ లేం. ఒలుపు వాళ్లు కూలి డబ్బులు తీసుకుని వెళ్లిపోయారు. వాడు పుస్తకం తీసి కాయల లెక్క రాయడం మొదలెట్టాడు.

అప్పుడు చెప్పాను. "ఆ రోజు నేను హాస్టల్లో లేను. ఇంట్లోనే ఉన్నాను. మీ వైపు వెళ్లొద్దన్నారు."

"తెలుసు" అన్నాడు. రాస్తూనే, "నువ్వేమన్నావు వాళ్లతో?"

"ఏమీ అనలేదు."

వాడు తలెత్తలేదు. పేజీ చివర కూడిక వేసి, ఇంకోసారి సరిచూసుకుని, పుస్తకం మూశాడు. "సింధు మ్యాచ్ పదింటికి. ఇంటికెళ్లు, చీకటి పడుతోంది" అన్నాడు.

సింధు మ్యాచ్ అమ్మ పక్కన కూర్చుని చూశాను. ఎదురుగా చైనా హి బింగ్‌జావో. సరిగ్గా మూడేళ్ల క్రితం, 2021 ఆగస్టు 1నే, టోక్యోలో ఈ అమ్మాయిని ఓడించే సింధు కాంస్యం తెచ్చింది. తారీఖు కలిసొస్తుందని అమ్మకి చెప్పాను. కలిసి రాలేదు. 19-21, 14-21. ఒకే రోజు ముగ్గురు తెలుగువాళ్లు ఇంటిదారి పట్టారు. అమ్మ టీవీ ఆపేసి "పడుకో" అంది. "ఆ రోజు వెళ్లొద్దని ఎందుకన్నారమ్మా?" అని అడిగాను. ఏ రోజు అని తను అడగలేదు. చాలాసేపు గ్లాసులు సర్దింది. "భయమేసింది నాన్నా" అంది. ఎవరికి, ఎవరిని చూసి అని అడిగితే బావుండేది. నేను ఆ రాత్రి అడగలేదు. ఇప్పుడు ఇంటికెళ్లినప్పుడల్లా కొంచెం కొంచెం అడుగుతున్నాను. ఇంట్లో గొడవలవుతున్నాయి.

కిందటేడు, 2025 ఆగస్టు చివర్లో, ప్రపంచ చాంపియన్‌షిప్ అదే ప్యారిస్‌లో, అదే హాల్లో జరిగింది. క్వార్టర్ ఫైనల్లో ఎదురుగా మళ్లీ వాళ్లే, చియా, సో. ఈసారి 21-12, 21-19. మన టైములో రాత్రి. హాస్టల్ కారిడార్‌లో నేను అరిచిన అరుపుకి వార్డెన్ లేచొచ్చాడు. ఆ ఫిబ్రవరిలోనే సాత్విక్ వాళ్ల నాన్నగారు పోయారు. ఆ సంగతి తెలిసిన మా వైపు వాళ్లెవరూ ఆ మ్యాచ్‌ని మామూలుగా చూసి ఉండరు. సెమీస్‌లో చైనా జోడీ చేతిలో ఓడి కాంస్యంతో ఆగారు. ఆ రాత్రి మా పార్ట్‌నర్ వాయిస్ మెసేజ్ పెట్టాడు, పన్నెండు సెకన్లు. అందులో పది సెకన్లు అరుపే. చివరి రెండు సెకన్లలో "దసరాకి వస్తున్నావా?"

వెళ్లాను. దగ్గర్లో చిన్న టోర్నమెంటు ఉంటే పేర్లిచ్చాం, ఫీజు నేను కట్టాను. ముందు రోజే వాళ్లింట్లో పడుకున్నాను. పొద్దున్నే వాళ్లమ్మగారు ఇడ్లీలు పెట్టి "ఈసారి బస్సు లేటవదు కదా బాబూ" అన్నారు. అది ఎగతాళో కాదో నాకు అర్థం కాలేదు. ఇంకో ఇడ్లీ వేశారు కాబట్టి తినేశాను.

మొదటి రౌండులోనే పోయాం. 9-21, 11-21. మధ్యలో పడ్డ షటిళ్లు ఆరు, నేను లెక్కపెట్టాను. వాడు ఎనిమిదంటాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా షార్ట్ సర్వీసు గురించి రాజోలు దాకా తిడుతూనే ఉన్నాడు.