గాయాలు దాచుకోని మ్యూజియం

బెర్లిన్ నగరం నడిబొడ్డున స్ప్రీ నదిలో ఓ చిన్న దీవి. దాని కొసన, నీళ్లలోంచి పైకి లేచినట్టుగా గోపురంతో గుండ్రటి భవనం... అదే బోడె మ్యూజియం! 1904లో చక్రవర్తి ఫ్రెడరిక్ పేరుతో మొదలైన దీనికి, ఆ సేకరణకు ప్రాణం పోసిన విల్‌హెల్మ్ ఫాన్ బోడె పేరును 1956లో పెట్టారు.

లోపల ఓ పాలరాతి ఫలకం దగ్గర ఎవరైనా ఆగాల్సిందే. డోనాటెల్లో సుమారు 1420లో చెక్కిన మేరీమాత అది. తల వెనక కాంతివలయం లేదు. బిడ్డ ముఖానికి ముఖం ఆనించి చూస్తున్న మామూలు తల్లి, అంతే. మరోచోట రీమెన్‌ష్నైడర్ చెక్కతో మలచిన నలుగురు సువార్తికులు. ఇస్తాంబుల్ ఇంకా కాన్‌స్టాంటినోపుల్‌గా ఉన్ననాటి బైజాంటిన్ సామ్రాజ్య కళకూ ఇక్కడ చోటుంది. ఇటలీలోని రవెన్నా చర్చి నుంచి 1843లో ప్రష్యా రాజు కొన్న మొజాయిక్‌లో గడ్డం లేని యువ క్రీస్తు కనిపిస్తాడు. ఆరో శతాబ్దపు పనితనమిది. అయితే, తరవాతి మరమ్మతుల్లో చాలా భాగం మారిపోయింది.

ఇక్కడ ఉన్నవే కాదు, లేనివీ కథలు చెబుతాయి. రెండో ప్రపంచయుద్ధంలో బాంబుల భయంతో ఎన్నో కళాఖండాలను ఓ కాంక్రీటు బురుజులో దాచారు. తీరా యుద్ధం ముగిసిన 1945 మే నెలలోనే అక్కడ మంటలు రేగాయి. నాలుగొందలకు పైగా చిత్రాలు బుగ్గయ్యాయి. శిల్పాల్లో మూడోవంతు దాకా పోయాయి. నిప్పు ఎవరు పెట్టారో నేటికీ తేలలేదు. మిగిలినవి సోవియట్ యూనియన్‌కు తరలిపోయాయి. 1958లో చాలావరకు తిరిగొచ్చినా, డోనాటెల్లో శిల్పాలు కొన్ని మాస్కోలోనే ఉన్నట్టు 2016లో బయటపడింది. పోయినవాటిని మరిచిపోకూడదని 2015లో వాటి అచ్చులతో, ఫొటోలతో ప్రత్యేక ప్రదర్శనే పెట్టిందీ మ్యూజియం.

అన్నట్టు, బోడెగారి పొరపాటూ ఒకటుంది. లియొనార్డో డావిన్సీ పనితనమేనని నమ్మి 1909లో ఆయన 'ఫ్లోరా' అనే మైనపు బొమ్మను కొన్నారు. అది మా నాన్న చేసిందంటూ ఇంగ్లండ్ నుంచి ఓ పెద్దాయన ముందుకొచ్చాడు. ఎవరెన్ని చెప్పినా బోడె ఒప్పుకోలేదు. వందేళ్లు సాగిన ఆ తగవు 2021లో తేలింది. అది పంతొమ్మిదో శతాబ్దపు మైనమేనని శాస్త్రవేత్తలు నిర్ధారించారు.

అయినా మ్యూజియం ఫ్లోరాను వదులుకోలేదు. ఇంత గొడవకు కారణమైన ఆమె పెదాల మీద మాత్రం అదే చిరునవ్వు!