మోచేతి దగ్గర ఆగిన చీమ

పసిబిడ్డ అరచేతిని మించిన విస్తరి లేదు. చూపుడువేలు గుండ్రంగా తిప్పుతూ అందులో పప్పన్నం కలుపుతాం. నేతికి లోటు చెయ్యం. బొటనవేలు మొదలుకొని ఒక్కో వేలూ మడుస్తూ అమ్మకీ నాన్నకీ తాతకీ ముద్దలు పంచేస్తాం. మిగిలిన మెతుకుల వాసనకి చీమ బయలుదేరుతుంది. కొన్ని ఇళ్లలో పిల్లి బయలుదేరుతుంది. జీవి ఏదైనా దారి ఒకటే: మణికట్టు, మోచెయ్యి, భుజం, ఆఖరికి చంక. కితకితలు.

ఈ ఆటని పెద్దవాళ్లు పాడుచేసేది తొందరతోనే. చీమ గబగబా చంకలోకి దూరిపోతే బిడ్డ ఒకసారి నవ్వి ఊరుకుంటుంది. మోచేతి మడత దగ్గర చీమ ఆగాలి. దారి తప్పినట్టు అటూ ఇటూ తచ్చాడాలి. అప్పుడు చూడండి ఆ ముఖం! మెడ భుజాల్లోకి ముడుచుకుపోతుంది, ఊపిరి బిగబడుతుంది, వేలు తగలకముందే కిలకిలా నవ్వేస్తుంది. ఆటంతా ఆ కాచుకోవడంలోనే ఉంది. అందుకే చివర ఏమవుతుందో తెలిసినా పదోసారి కూడా చెయ్యి చాపుతారు.

దోబూచులదీ అదే కిటుకు. కంటికి కనబడకుండా పోయిన వస్తువు ఎక్కడో ఉండే ఉంటుందని బిడ్డ వెతకడం మొదలెట్టేది సుమారు ఎనిమిదో నెలలో అన్నాడు స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాఁ పియాజె (1896–1980). బొమ్మల మీద గుడ్డ కప్పి తన ముగ్గురు పిల్లల్నీ గమనించి చెప్పిన మాట అది. అంతకంటే చిన్నపిల్లలకే ఆ ఎరుక ఉంటుందని తర్వాతివాళ్లు వాదించారు. మన బామ్మలు ఆ వాదనలోకి దిగలేదు గానీ, కొంగు చాటున ఎంతసేపు దాగితే నవ్వొస్తుందో, ఎంతసేపు దాగితే ఏడుపొస్తుందో ఆ హద్దు వాళ్లకి బాగా తెలుసు. ఇప్పుడు కాకినాడ బామ్మ డాలస్ మనవడితో ఫోన్లోనే దోబూచులాడుతోంది. నెట్ మొరాయిస్తే ఆవిడ ముఖం కొంగు వెనకాలే బిగుసుకుపోతుంది. వాడు ఆ కొంగు కేసే చూస్తూ కూర్చుంటాడు.

రెండేళ్ల లోపు పిల్లలకి తెర అసలు వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మంచి మాటే. బామ్మ ఫోన్ని ఆ లెక్కలో వెయ్యడానికి మాత్రం నాకు మనసొప్పదు. బ్యాటరీ బొమ్మని వేస్తాను. మీట నొక్కగానే పాట అందుకునే ఆ బొమ్మకి ఎదుటి ముఖం చూసి ఆగడం రాదు.

నడక వచ్చాక ఉప్పుమూట. మూటని వీపు మీద వేసుకుని గదిగదికీ తిరిగి అమ్మాలి. ఉప్పు బాగాలేదని బేరం చెడితేనే మూటకి సంబరం, ఇంకో గదికి మొయ్యాలి కదా! నడుం నొప్పి మోసేవాళ్లది. చేతులు పట్టుకుని గిరగిరా తిప్పే ఆట మాత్రం వద్దు. ఐదేళ్ల లోపు పిల్లలకి అలా గుంజితే మోచేతి దగ్గర ఎముక పట్టు తప్పి జారొచ్చు. ఎత్తాలంటే చంకల కింద పట్టుకుని ఎత్తాలి. గాల్లోకి ఎగరేసి పట్టుకునే మేనమామలు చెప్తే వినరు గానీ, వాళ్లకీ చెప్పాలి.

ఇవన్నీ మనం నేర్పేవి. ఎవరూ నేర్పకుండా వాళ్లే కనిపెట్టే ఆట ఒకటుంది, చెంచా కింద పడెయ్యడం. మనం తీసిస్తాం, మళ్లీ పడేస్తారు. మొదట్లో ఎక్కడ పడిందా అని నేల కేసి చూస్తారు. కొన్నాళ్లకి చూపు మన మీదికి మళ్లుతుంది. చెంచా అంచు దాకా తెచ్చి, వదలకుండా పట్టుకుని, మన ముఖంలోకి చూస్తారు. మనం కళ్లు పెద్దవి చేసి "వద్దమ్మా, వద్దు" అనాలి. అనేదాకా వదలరు. గిన్నె అయితే చప్పుడు ఇంకా బాగుంటుందని ఎలాగూ త్వరలోనే తెలిసిపోతుంది. కిందింట్లో వాళ్లకి ముందే ఒక మాట చెప్పి ఉంచండి.