మ్యాన్‌హోల్ దగ్గర

మార్చి 4, 2024, సోమవారం

జాతీయ భద్రతా దినం. ఫ్యాక్టరీ గేటు దగ్గర జెండా ఎగరేశాం, ప్రతిజ్ఞ చదివాం, బ్యాడ్జీలు పెట్టుకున్నాం. అయిపోయాక కాంట్రాక్టు మేస్త్రీ పక్కకి వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా మందుల ఫ్యాక్టరీల్లో పని చేసినవాడు. "సార్, ఏమీ అనుకోకండి. పర్మిట్లనీ చెక్‌లిస్టులనీ ఇన్ని కాగితాలెందుకు? ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేస్తే చాలదా?" అన్నాడు. షిఫ్టు సైరన్ మోగింది, జవాబు చెప్పలేకపోయాను. మంచి మనసుతో అడిగిన మాట. జవాబు బాకీ ఉన్నాను.

మార్చి 6, బుధవారం

రియాక్టర్ గోడలకు పట్టిన పెచ్చు గీకాలి. నీళ్ళతో కడిగి ఆరబెట్టారు. టార్చి వేస్తే అడుగు తళతళలాడుతోంది, ఏ వాసనా లేదు. హెల్పర్ కుర్రాడు గీకుడు కత్తి పట్టుకుని, "శుభ్రంగా ఉంది సార్, అరగంటలో దిగి వచ్చేస్తా" అంటున్నాడు.

గ్యాస్ మీటరు గొట్టం మ్యాన్‌హోల్ అంచున పెట్టాను. ఆక్సిజన్ 20.9 శాతం, మనం పీల్చే గాలే. గొట్టం మెల్లగా కిందికి దించాను. 19. 16. 12. మీటరు కీచుమంది. 19.5 కంటే తగ్గితేనే మనిషిని దింపకూడదు.

వెతికితే దొరికింది. రియాక్టర్ లోపలికి దిగే డిప్ పైపుకి వచ్చే నైట్రోజన్ వాల్వు మూసే ఉంది గానీ లోపల్నుంచి గ్యాస్ కారుతోంది. ఆ లైనుకి బ్లైండ్, అంటే దారిని పూర్తిగా మూసే పలక, వెయ్యలేదు. నైట్రోజన్‌కి రంగూ లేదు, వాసనా లేదు. ఊపిరాడని బాధ కూడా తెలియదు, మనిషి అలాగే ఒరిగిపోతాడు. కళ్ళూ ముక్కూ ఏమీ చెప్పనప్పుడు ఇంగితం మాత్రం దేన్ని పట్టుకుని ఆలోచిస్తుంది?

మార్చి 7, గురువారం

టీ తాగుతూ మేస్త్రీని అడిగాను: "నిన్న కుర్రాడు లోపల పడిపోయి ఉంటే ఏం చేసేవాడివి?"

"దూకేవాణ్ణి సార్. మనవాణ్ణి వదిలేస్తామా?"

క్షణం ఆలోచించలేదు. అదే నా భయం. ఇలాంటి ఇరుకు చోట్ల చనిపోయినవాళ్ళలో 60 శాతానికి పైగా రక్షించబోయి పోయినవాళ్ళేనని అమెరికా సంస్థ నియోష్ 1986లోనే చెప్పింది. సెప్టిక్ ట్యాంకులో ఒకరు పడితే, వెనకే ఇంకొకరు దిగి ఇద్దరూ పోయారన్న వార్తలు మన పేపర్లలో ఎన్ని చదివాం! అక్కడుండే హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెమైతే కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కునే మొద్దుబారుస్తుంది. కంపు పోయింది కదా అని దిగినవాడు పైకి రాడు.

మేస్త్రీ చాలాసేపు గ్లాసు వంకే చూస్తూ కూర్చున్నాడు.

మార్చి 9, శనివారం

ఇవాళ పని మొదలుపెట్టే ముందు చెప్పుకునే టూల్‌బాక్స్ టాక్‌లో పైపర్ ఆల్ఫా గురించి చెప్పాను. ఉత్తర సముద్రంలో చమురు వేదిక. 1988 జులై 6న ఒక పంపు సేఫ్టీ వాల్వు మరమ్మతుకి విప్పి, ఆ చోట మూత పెట్టారు. ఆ కబురు రాత్రి షిఫ్టుకి అందలేదు. నడుస్తున్న పంపు ఆగిపోతే, వాల్వు విప్పిన ఆ రెండోది స్టార్ట్ చేశారు. ఆ మూత దగ్గర గ్యాస్ లీకై పేలింది. 167 మంది చనిపోయారు. ఒక పంపు ఆగితే రెండోది వెయ్యడం ఎవరికైనా తట్టే పనే. వాళ్ళకి లేనిది తెలివి కాదు, ఒక కాగితం.

మార్చి 11, సోమవారం

లైనుకి బ్లైండ్ వేశాం. బ్లోయర్ పెట్టి గాలి తోలాం. పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా మీటరు 20.9 చూపించింది. కుర్రాడికి బెల్టు కట్టాం. ఆ తాడు కొస బయట ఒక మనిషి పట్టుకోవాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే రాశారు. మేస్త్రీ తానే వచ్చి పట్టుకున్నాడు. "వీడు పడిపోతే దూకను సార్, లాగుతాను" అన్నాడు.

11.50కి కుర్రాడు దిగాడు. 12.25కి బయటికొచ్చాడు. పర్మిట్ మీద మేస్త్రీ సంతకం పెట్టాడు.